ఆపరేషనా, పథ్యమా: 104 కేజీల అక్కకు ఒక జవాబు, 86 కేజీల తమ్ముడికి ఇంకొకటి

మీరు రాసిన వివరాలు ముందు ఒకచోట పెట్టుకుంటాను. ఉండేది తిరుపతి, వయసు 38, ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 104 కేజీలు. షుగర్ వచ్చి ఆరేళ్లు. మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ వాడుతున్నా మూడు నెలల సగటు షుగర్‌ను చూపే హెచ్‌బీఎ1సీ 8.9. మోకాళ్ల నొప్పి, రాత్రి గురక. రెండుసార్లు పథ్యం పట్టి ఒకసారి 11, ఒకసారి 9 కేజీలు తగ్గారు, ఏడాదిన్నర తిరక్కుండానే పోయిన బరువంతా వచ్చేసింది. డాక్టరుగారు కడుపును చిన్నది చేసే స్లీవ్ ఆపరేషన్ చేయించుకోమన్నారు. ఇంట్లో వాళ్లేమో "నోరు కట్టుకుని నెలకు నాలుగుసార్లు కొండెక్కితే చాలదా, కడుపు కోయించుకోవడం ఎందుకు" అంటున్నారు. మీ తమ్ముడు 172 సెంటీమీటర్లు, 86 కేజీలు, షుగర్ లేదు, స్కానింగులో ఫ్యాటీ లివర్ అన్నారు. అతనూ మీతోపాటే చేయించుకుంటానంటున్నాడు.

సూటిగా చెబుతాను. మీకు ఆపరేషన్ తగినదే. మీ తమ్ముడికి వద్దు. ఎందుకో, ఏ షరతుల మీదో చెప్పడానికే ఇంత పొడుగు జవాబు.

ముందు లెక్క. బరువును కేజీల్లో తీసుకుని, మీటర్లలో ఉన్న ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే బీఎంఐ. 104ను 1.58తో ఒకసారి, వచ్చినదాన్ని మళ్లీ 1.58తో భాగిస్తే 41.7. తమ్ముడిది 29.1. మనవాళ్లలో 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం. తెల్లవాళ్ల కంటే తక్కువ బీఎంఐకే మనకు పొట్టలో కొవ్వు చేరుతుంది, షుగర్ వస్తుంది, అందుకే మన గీత కిందికి ఉంటుంది. ఆపరేషన్‌కు 1991 నుంచి ముప్ఫై ఏళ్లపాటు 40, లేదా జబ్బులుంటే 35 అనే హద్దు నడిచింది. 2022లో అమెరికా సర్జన్ల సంఘం, అంతర్జాతీయ సంఘం కలిసి దాన్ని సవరించాయి: జబ్బులున్నా లేకున్నా 35, షుగర్ లాంటివి ఉంటే 30, ఆసియావాళ్లకు 27.5. ఆ కాగితం పట్టుకుని చూస్తే మీ తమ్ముడూ అర్హుడే. కానీ అర్హత వేరు, అవసరం వేరు. ఒక్కసారైనా సరిగ్గా పథ్యం చేసి చూడని మనిషికి కడుపులో ముప్పావు భాగం తీసేయడం నాకు సమ్మతం కాదు.

మీ ఇంట్లో "నోరు కట్టుకోలేక" అనే మాట వినపడుతోంది, దాన్ని పక్కన పెట్టించండి. బరువు తగ్గగానే శరీరం దాన్ని కరువుగా లెక్కేసుకుంటుంది. ఆకలి పుట్టించే గ్రెలిన్ పెరుగుతుంది, కడుపు నిండిందని చెప్పే హార్మోన్లు తగ్గుతాయి, ఊరికే కూర్చున్నప్పుడు ఖర్చయ్యే కేలరీలు కూడా పడిపోతాయి. 2011లో ఆస్ట్రేలియాలో పథ్యం చేసి తగ్గినవాళ్లను ఏడాది తర్వాత పరీక్షిస్తే ఆ హార్మోన్లు అప్పటికీ మామూలు స్థితికి రాలేదు. లుక్ అహెడ్ అని అమెరికాలో 5,145 మంది షుగర్ పేషెంట్ల మీద పెద్ద పరిశోధన జరిగింది. వాళ్లలో సగం మందికి డైటీషియన్లు, వ్యాయామ శిక్షకులు ఏళ్ల తరబడి వెంట ఉండి చేయించారు. మొదటి ఏడాది చివరికి సగటున 8.6 శాతం తగ్గారు, ఎనిమిదేళ్లకు మిగిలింది 4.7 శాతం. మీ 104 మీద లెక్కేస్తే మొదటి ఏడాది 9 కేజీలు, చివరికి 5 కేజీలు. మీరు తగ్గిన 9, 11 కేజీలు ఆ పరిశోధనలో వాళ్లు తగ్గినంతే. కాబట్టి మీరు తప్పు చేశారని కాదు, మీకున్న బరువుకు ఆ సాధనం చాలలేదు.

ఇక కొండ. భక్తితో ఎక్కేదాన్ని లెక్కల్లోకి లాగడం నాకిష్టం లేదు, కానీ ఇంట్లోవాళ్లు దాన్ని వైద్యంగా చెబుతున్నారు కాబట్టి చూద్దాం. అలిపిరి నుంచి 3,550 మెట్లు, సుమారు 9 కిలోమీటర్లు, దాదాపు 700 మీటర్ల ఎత్తు. 100 కేజీల మనిషి ఒకసారి ఎక్కితే సుమారు వెయ్యి కేలరీలు ఖర్చవుతాయి. 175 గ్రాముల చిన్న లడ్డులో శెనగపిండి, నెయ్యి, చక్కెర కలిపి చూస్తే దాదాపు 700 కేలరీలు. నెలకు నాలుగుసార్లు ఎక్కి, ఒక్క లడ్డు కూడా ముట్టకపోయినా తగ్గే కొవ్వు సుమారు అర కేజీ. పైగా మెట్లు ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ మోకాలి మీద శరీర బరువుకు మూడింతలకు మించిన భారం పడుతుంది, దిగేటప్పుడు ఇంకా ఎక్కువ. మీ మోకాళ్లకు ఇప్పుడది తగదు. మొక్కు ఉంటే నిదానంగా ఎక్కి, దిగేటప్పుడు బస్సులో రండి. రోజువారీ నడకకు ఎస్వీ యూనివర్సిటీ ఆవరణలాంటి చదునైన, చెట్ల నీడ ఉన్న దారి చాలు.

ఆపరేషన్ పక్క లెక్కలూ అంతే నిజాయితీగా చూడాలి. స్వీడన్‌లో 1987లో మొదలుపెట్టి బరువు తగ్గించే ఆపరేషన్లు చేయించుకున్న రెండు వేలకు పైగా మందినీ, చేయించుకోనివాళ్లనూ ఇరవై ఏళ్లదాకా గమనించారు. చేయించుకున్నవాళ్లు ఇరవై ఏళ్ల తర్వాత కూడా మొదటి బరువు కంటే 18 శాతం కింద ఉన్నారు, చేయించుకోనివాళ్లు 1 శాతం. అమెరికాలో వేలమంది రికార్డులు చూసిన 2018 నాటి లెక్కలో ఐదేళ్లకు నిలిచిన తగ్గుదల కడుపును దాటించి తిండిని పేగులోకి పంపే గ్యాస్ట్రిక్ బైపాస్‌కు 25.5 శాతం, స్లీవ్‌కు 18.8 శాతం. మీ బరువు మీద ఐదో ఏట బైపాస్‌తో సుమారు 77, స్లీవ్‌తో సుమారు 84 కేజీలు. మొదటి ఏడాదిలో ఇంకా కిందికి దిగుతారు, తర్వాత కొంత వెనక్కి వస్తుంది. ప్రకటనల్లో కనపడే "55 కేజీలకు వచ్చేశాను" ఫొటోను మీ గమ్యంగా పెట్టుకోవద్దు.

షుగర్ విషయానికొస్తే, మందులు ఒక్కటే వాడినవాళ్లనూ ఆపరేషన్ కూడా చేయించుకున్నవాళ్లనూ పక్కపక్కన పెట్టి చూసిన స్టాంపీడ్ ట్రయల్‌లో ఐదేళ్లకు హెచ్‌బీఎ1సీ 6 లేదా అంతకు తక్కువ ఉన్నవాళ్లు: బైపాస్‌లో 29 శాతం, స్లీవ్‌లో 23, మందుల్లో 5. తేడా పెద్దదే. కానీ బైపాస్ చేయించుకున్న పదిమందిలో ఏడుగురు ఆ అంకెకు చేరలేదు కూడా, వాళ్లకు మందులు తగ్గాయి, షుగర్ అదుపులోకి వచ్చింది, అంతే. జబ్బు కొత్తగా ఉన్నవాళ్లకు, ఇన్సులిన్ మొదలుకానివాళ్లకు ఫలితం మెరుగ్గా ఉంటుంది. మీకు ఆరేళ్లే, ఇన్సులిన్ లేదు. ఇంకో ఐదేళ్లు ఆలోచిస్తూ గడిపితే ఈ అనుకూలత పోతుంది. మీ విషయంలో త్వరగా తేల్చుకోమనడానికి నాకున్న పెద్ద కారణం ఇదే.

ఏ ఆపరేషన్ అన్నది ఎండోస్కోపీ చూశాకే తేలాలి. స్లీవ్‌లో కడుపును నిలువుగా స్టేప్లర్‌తో కోసి 75-80 శాతం బయటికి తీసేస్తారు. సన్నటి అరటికాయంత గొట్టం మిగులుతుంది, 100-150 మిల్లీలీటర్లు పడుతుంది. గ్రెలిన్ ఎక్కువగా తయారయ్యే పైభాగం పోతుంది కాబట్టి ఆకలి కూడా తగ్గుతుంది. తీసేసింది మళ్లీ పెట్టలేరు. బైపాస్‌లో పైన 30 మిల్లీలీటర్ల చిన్న సంచి చేసి దాన్ని చిన్నపేగుకు కలుపుతారు, మిగతా కడుపు లోపలే ఉంటుంది కానీ తిండి అందులోకి పోదు. మినీ బైపాస్ అనేదాంట్లో పేగుకు రెండు అతుకుల బదులు ఒకటే అతుకు. చేయడం తేలిక, షుగర్‌కు బాగా పనిచేస్తుంది, కానీ కొందరికి పైత్యరసం కడుపులోకి ఎగదన్నుతుంది.

మీకు పుల్లటి తేపులు, గుండెమంట ఉన్నాయా అన్నది మీరు రాయలేదు. ఉంటే స్లీవ్ మీద నాకు గట్టి అభ్యంతరం. ఆ గొట్టంలో ఒత్తిడి ఎక్కువ, యాసిడ్ పైకి తన్నడం స్లీవ్ తర్వాత పెరుగుతుంది, కొందరు దాన్ని భరించలేక రెండోసారి బైపాస్ చేయించుకోవాల్సి వస్తుంది. ఎండోస్కోపీలో అన్నవాహిక పుండుపడి ఉన్నా, పెద్ద హెర్నియా కనపడినా బైపాస్ అడగండి. ఏమీ లేకపోతే స్లీవ్ మీకు సరిపోతుంది. బైపాస్‌తో షుగర్ కొంచెం ఎక్కువ మెరుగవుతుంది, నిజమే, కానీ ఐరన్, బీ12, కాల్షియం లోటూ ఎక్కువే. నెలసరి వచ్చే వయసు మీది, ఐరన్ లోటు తొందరగా పట్టుకుంటుంది. పైగా బైపాస్ తర్వాత డైక్లోఫినాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు అతుకు దగ్గర పుండు చేస్తాయి. మోకాళ్లకు అలవాటుగా వాడేవాళ్లు ఇది గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. పారాసిటమాల్ వాడొచ్చు.

ఆపరేషన్‌కు రెండు వారాల ముందు నుంచి రోజుకు 800-1000 కేలరీల ఆహారం ఇస్తారు, ఎక్కువగా ద్రవాలు. కొవ్వు చేరిన లివర్ కడుపు మీద బరువుగా పడి ఉంటుంది. ఈ రెండు వారాల్లో అది కుంచించుకుంటేనే సర్జన్ దాన్ని పక్కకు ఎత్తి కడుపు పైభాగం చూడగలడు. పథ్యం తప్పి వెళ్తే ఆపరేషన్ కష్టమవుతుంది, ఒక్కోసారి వాయిదా పడుతుంది. ఇక్కడే మీకొక ప్రమాదం ఉంది. తిండి తగ్గించి గ్లిమిపిరైడ్ అదే డోసులో వేసుకుంటే షుగర్ దిగిపోతుంది. పథ్యం మొదలయ్యే రోజుకు ముందే డోసు ఎంత తగ్గించాలో, ఎప్పుడు ఆపాలో డాక్టరు చేత రాయించుకోండి. డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ రకం షుగర్ మాత్రలు ఎవరైనా వాడుతుంటే ఆపరేషన్‌కు కనీసం మూడు రోజుల ముందు ఆపాలి. లేకపోతే షుగర్ రీడింగ్ మామూలుగా కనపడుతూనే రక్తంలో కీటోన్లు పెరిగి ప్రాణం మీదికి వస్తుంది. శనివారం ఒక్కపొద్దులు, పెరటాసి శనివారాలు పాటించే ఇల్లయితే ఈ రెండు వారాలూ, తర్వాత ఏడాదీ మీకు మినహాయింపు అని ఇంట్లో ముందే చెప్పేయండి.

ఆపరేషన్ అయ్యాక మొదటి రెండు రోజులు నీళ్లు గుక్కగుక్కగా. తర్వాత రెండు వారాలదాకా వడగట్టిన మజ్జిగ, పప్పుకట్టు, కారం లేని చారు, పల్చటి రాగిజావ, పాలల్లో కలిపిన ప్రోటీన్ పొడి. సోడాలు, కూల్‌డ్రింకులు పూర్తిగా మానాలి. మూడో వారం నుంచి మెత్తగా మెదిపినవి: పెరుగు, గుడ్డు, ఉడికించి నలిపిన పెసరపప్పు. ఆరు నుంచి ఎనిమిది వారాలకు మామూలు తిండి, చిన్న మోతాదుల్లో. రోజుకు 60 గ్రాముల ప్రోటీన్ తగ్గకూడదు, అది లేకుంటే కొవ్వుకు బదులు కండ కరుగుతుంది. నీళ్లు రోజుకు లీటరున్నర, కానీ తిండితో కలిపి కాదు. తిన్న అరగంట తర్వాత తాగాలి. మొదటి నెలలో జనం మళ్లీ ఆసుపత్రి పాలయ్యేది ఎక్కువగా నీళ్లు తక్కువై, వాంతులై. మన ఎండల్లో ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. బీపీకి మూత్రం జారీచేసే మాత్ర ఉంటే దాన్ని ఆపాలా అని అడగండి. ఏప్రిల్, మే నెలలు తప్పించి తేదీ పెట్టించుకోగలిగితే మంచిది.

సంగటి తినేవాళ్లకు ఒక ప్రత్యేక హెచ్చరిక. సంగటిని మనం నమలం, ముద్ద చేసి ఊరిబిండిలోనో (వేరుశెనగ పచ్చడి) పులుసులోనో అద్ది గుటుక్కున మింగుతాం. స్లీవ్ అయిన కడుపులోకి ఆ ముద్ద అలాగే దిగితే గొట్టం మధ్యలో ఆగిపోతుంది. రొమ్ము ఎముక వెనక బిగుతు, నోట్లో నురగలాంటి లాలాజలం ఊరడం, ఆపైన వాంతి. మూడో నెలలో మీ పళ్లెం ఇలా ఉంటుంది: ఒక ఉడికించిన గుడ్డు, రెండు చెంచాల గట్టి పప్పు, ఒక చెంచా కూర, చివర్లో ఉసిరికాయంత సంగటి. గుడ్డుతో మొదలుపెట్టాలి, సంగటి ఆఖరున. ఒక్కో ముద్దను ఇరవైసార్లు నమిలి, చెంచా కింద పెట్టి, ఆ తర్వాతే ఇంకో ముద్ద. ఇరవై నిమిషాలు పడుతుంది. రొమ్ము దగ్గర బిగుతు మొదలైందంటే అదే చివరి ముద్ద, పళ్లెంలో ఇంకా మిగిలినా సరే. పారేయడం పాపమని పెంచినవాళ్లకు ఇది కష్టమే, అందుకే వడ్డించుకునేటప్పుడే తక్కువ పెట్టుకోవాలి.

మాత్రల విషయంలో రాజీ లేదు. జీవితాంతం రోజూ మల్టీవిటమిన్, కాల్షియం సిట్రేట్ రూపంలో 1200-1500 మిల్లీగ్రాములు రెండు మూడు విడతలుగా, విటమిన్ డి, బీ12, మీ వయసుకు ఐరన్ 45-60 మిల్లీగ్రాములు. ఐరన్‌నూ కాల్షియాన్నీ కలిపి వేసుకుంటే రెండింటిలో ఐరన్ ఒంటికి పట్టదు, మధ్యలో కనీసం రెండు గంటలు ఎడం ఉండాలి. ఐరన్ వేసుకున్న వెంటనే టీ, కాఫీ తాగినా అంతే. ఉదయం టిఫిన్ తర్వాత మల్టీవిటమిన్, మధ్యాహ్నం కాల్షియం, సాయంత్రం మళ్లీ కాల్షియం, పడుకునే ముందు ఐరన్ అని పెట్టుకుంటే తేలిక. ఏడాది గడిచి బరువు తగ్గి, ఒంట్లో బాగుందనిపించగానే చాలామంది ఇవి మానేస్తారు. ఫలితం వెంటనే కనపడదు. బీ12 నిల్వలు అడుగంటడానికి ఏళ్లు పడుతుంది, కాళ్లలో తిమ్మిర్లు మొదలయ్యేసరికి నరం దెబ్బతిని ఉంటుంది. రోజూ మాత్రలు, మొదటి ఏడాది 3, 6, 12 నెలలకు, ఆపైన ఏటా ఒకసారి రక్తపరీక్షలు చేయించుకోలేను అనుకుంటే ఈ ఆపరేషన్ జోలికే వెళ్లొద్దు. ఇది నా గట్టి షరతు.

ప్రమాదాల్లో రెండు ఇంటిల్లిపాదికీ తెలిసి ఉండాలి. మొదటిది లీక్. స్టేప్లర్ వేసిన గీతలో, ఎక్కువగా పైకొసన, రంధ్రం పడి కడుపులోది బయటికి కారడం. వందలో ఒకరిద్దరికి జరగొచ్చు, ఇంటికి వచ్చిన తర్వాత కూడా జరుగుతుంది. నాడి నిమిషానికి 120 దాటడం, జ్వరం, ఎడమ భుజంలో నొప్పి, ఆయాసం, వీటిలో ఏది కనపడినా తెల్లారేదాకా ఆగకూడదు. కడుపునొప్పి పెద్దగా లేకపోయినా నాడి ఒక్కటే చాలు అనుమానించడానికి. అందుకే వేళ్లకు పెట్టే ఆక్సిమీటర్ ఇంట్లో ఉంచుకోండి, నాడి అంకె అందులోనే కనపడుతుంది. సర్జన్‌కు ఫోన్ చేస్తూనే సీటీ స్కాన్ ఉన్న పెద్దాసుపత్రికి, రుయాకో స్విమ్స్‌కో బయలుదేరాలి.

రెండోది ఎక్కువమందికి తెలియనిది: బీ1, అంటే థయామిన్ లోటు. రోజుల తరబడి వాంతులవుతుంటే ఒంట్లో బీ1 రెండు మూడు వారాల్లోనే అయిపోతుంది. అప్పుడు మనవాళ్లు చేసేది ఏమిటి? నీరసంగా ఉందని వీధిలోని ఆర్ఎంపీ దగ్గరికో చిన్న క్లినిక్‌కో వెళ్లి ఒక గ్లూకోజ్ బాటిల్ ఎక్కించుకోవడం. బీ1 లేని ఒంట్లోకి గ్లూకోజ్ వెళ్తే, దాన్ని వాడుకునే పనిలో ఉన్న కొద్దిపాటి బీ1 కూడా ఖర్చయిపోయి మెదడు దెబ్బతింటుంది. ఒకటే రెండుగా కనపడటం, తూలుతూ నడవడం, మాట తడబాటు, మతిమరుపు. ఆలస్యమైతే పోయిన జ్ఞాపకశక్తి తిరిగి రాదు. ఆపరేషన్ అయినవాళ్లకు వాంతులు రెండు రోజులు దాటితే ముందు థయామిన్ ఇంజెక్షన్, ఆ తర్వాతే గ్లూకోజ్ ఉన్న సెలైన్. ఈ ఒక్క వాక్యం డిశ్చార్జ్ కాగితం మీద పెద్ద అక్షరాలతో రాయించుకుని, దాని ఫొటో భర్త ఫోన్లోనూ తమ్ముడి ఫోన్లోనూ ఉంచండి. మీరు తూలుతున్నప్పుడు చెప్పాల్సింది వాళ్లే.

మిగతావి కాస్త తేలిక. మూడు నుంచి ఆరు నెలల మధ్య జుట్టు రాలుతుంది, ప్రోటీన్, ఐరన్ సరిగా ఉంటే మళ్లీ వస్తుంది. వేగంగా తగ్గేటప్పుడు పిత్తాశయంలో రాళ్లు కట్టే అవకాశం ఉంది, దానికి మొదటి ఆరు నెలలు ఉర్సోడీఆక్సీకోలిక్ యాసిడ్ ఇస్తారు. గర్భం 12 నుంచి 18 నెలలదాకా వద్దు. బరువు తగ్గేకొద్దీ అండం విడుదల మెరుగవుతుంది, ఇన్నాళ్లూ రానివాళ్లకు కూడా అనుకోకుండా వస్తుంది. బైపాస్ అయితే గర్భనిరోధక మాత్రల మీద ఆధారపడలేం, వేరే పద్ధతి అడగాలి. మద్యం ఇంట్లో ఎవరు తాగినా మీరు ముట్టొద్దు, ఆపరేషన్ తర్వాత అది వేగంగా తలకెక్కుతుంది, అలవాటుగా మారే ప్రమాదమూ పెరుగుతుంది. బరువు వెనక్కి వచ్చేది ఎక్కువగా ముద్దల వల్ల కాదు, గొట్టంలో ఆగకుండా జారిపోయే వాటి వల్ల: పాయసం, ఐస్‌క్రీం, పండ్లరసం, మిక్చర్, చక్కెర వేసిన టీ రోజుకు ఐదుసార్లు. కడుపు ఎంత చిన్నదైనా వీటికి అడ్డు చెప్పదు.

గురక సంగతి వదలొద్దు. ఆపరేషన్‌కు ముందే స్లీప్ స్టడీ చేయించుకోండి. నిద్రలో ఊపిరి ఆగుతుంటే మత్తు ఇచ్చేటప్పుడూ ఆ రాత్రీ ప్రమాదం, ముందే సీప్యాప్ (ఊపిరిదారి మూసుకోకుండా గాలి తోసే మాస్కు) పెట్టుకోవడం అలవాటు చేయిస్తారు.

ఇన్సూరెన్స్ ఉంటే పాలసీలో ఊబకాయం క్లాజు తీసి చదవండి. ఐఆర్‌డీఏఐ అనే బీమా నియంత్రణ సంస్థ పెట్టిన ప్రామాణిక షరతు ప్రకారం 18 ఏళ్లు నిండి ఉండాలి, డాక్టర్ సలహా ఉండాలి, బీఎంఐ 40 పైన ఉండాలి. లేదా 35 పైన ఉండి, పథ్యం లాంటివి ఫలించక, అదుపులో లేని షుగర్, తీవ్రమైన స్లీప్ ఏప్నియా (నిద్రలో ఊపిరి ఆగడం), గుండెజబ్బులలో ఒకటైనా ఉండాలి. మీకు రెండు దారుల్లోనూ వస్తుంది. కానీ రెండు వారాల పథ్యంతో 100 కేజీల కిందికి దిగితే బీఎంఐ 40 దగ్గరికి వచ్చేస్తుంది, కాబట్టి పథ్యం మొదలుకాకముందే ఎత్తు, బరువు ఆసుపత్రి కాగితం మీద తేదీతో నమోదు చేయించండి. పాత డైటీషియన్ చీటీలు, బరువు రాసిన పుస్తకం కూడా జతచేయండి. వెయిటింగ్ పీరియడ్ ఎన్నేళ్లో చూసుకోండి. డబ్బు కట్టి చేయించుకుంటే ప్యాకేజీలో స్టేప్లర్ కాట్రిడ్జ్‌లు కలిపి చెప్పారా విడిగానా అన్నది రాతపూర్వకంగా అడగండి, బిల్లు పెరిగేది అక్కడే. వాడినవాటి స్టిక్కర్లు కేస్‌షీట్లో అంటించమనండి. చిత్తూరు వాళ్లు వేలూరు, తిరుపతి వాళ్లు చెన్నై వెళ్లి చేయించుకోవడం మామూలే, తప్పు లేదు. అయితే మొదటి నెల ఏ తేడా వచ్చినా రెండు మూడు గంటల్లో సర్జన్ దగ్గరికి చేరగలిగే దూరంలో ఉండండి.

ఇప్పుడు మీ తమ్ముడు. 86 కేజీల్లో 7 నుంచి 10 శాతం, అంటే 6 నుంచి 9 కేజీలు తగ్గితే ఫ్యాటీ లివర్ బాగా మెరుగవుతుంది. అది పథ్యంతో, నడకతో అందే అంకె. రోజూ తినేదాంట్లో 500-600 కేలరీలు తగ్గిస్తే వారానికి దాదాపు అర కేజీ. ఎక్కడ తగ్గించాలో తేలిగ్గానే కనపడుతుంది. ఇంట్లో నెలకు ఖర్చయ్యే నూనెను మనుషులతో భాగించి చూడండి, ఒక్కొక్కరికి అర లీటరు దాటితే అక్కడే మొదలుపెట్టాలి, పెద్ద చెంచా నూనెలో 120 కేలరీలు ఉంటాయి. చెనిక్కాయలు (వేరుశెనగలు) మంచివే, కానీ వంద గ్రాముల్లో 560 కేలరీలు, ఊరిబిండి గరిటెడు వేసుకుంటే పథ్యం అక్కడే పోతుంది, రెండు చెంచాలు చాలు. రాగి షుగర్‌కు మంచిదని రెండు పెద్ద ముద్దల సంగటి తినేవాళ్లు చాలామంది ఉన్నారు. సంగటి కూడా పిండిపదార్థమే, సగం బియ్యం కూడా పడుతుంది. ఒక ముద్ద, దానికి తోడు గట్టి పప్పో ఉలవచారు కాకుండా ఉడికించిన ఉలవలో, గుడ్లో, చర్మం తీసిన కోడికూరో, పళ్లెంలో సగం కూరగాయలు. చలికాలంలో అనపగింజలు వచ్చినప్పుడు వాటినే ప్రోటీన్‌గా పెట్టుకోవచ్చు. మామిడి కాలంలో పూటకు సగం కాయ, అదీ అన్నం తగ్గించి.

వ్యాయామం వారానికి 150 నిమిషాలు ఆరోగ్యానికి, తగ్గిన బరువు నిలబడటానికి 200-300 నిమిషాలు. వారానికి రెండు రోజులు గోడకు తోసే పుషప్‌లు, కుర్చీలోంచి లేచి కూర్చోవడం, నీళ్ల బకెట్లు ఎత్తడంలాంటి కండ పని తప్పనిసరి. అతను కొండెక్కొచ్చు. శ్రీవారి మెట్టు 2,388 మెట్లు, రెండు కిలోమీటర్ల పైచిలుకు, అతని మోకాళ్లకు సరిపోతుంది. ఆరు నెలలు ఇది చేసి, లివర్ ఎంజైములు, ఫైబ్రోస్కాన్ (లివర్ ఎంత గట్టిపడిందో చూసే స్కాన్) మళ్లీ చూపించుకోమనండి.

బరువు తగ్గించే ఇంజెక్షన్ల గురించి కూడా ఎవరో చెప్పే ఉంటారు. సెమాగ్లుటైడ్‌తో దాదాపు 15 శాతం, టిర్జెపటైడ్ పెద్ద డోసుతో దాదాపు 20 శాతం తగ్గినట్టు ట్రయల్స్‌లో తేలింది. సెమాగ్లుటైడ్ ఆపినవాళ్లకు ఏడాదిలో పోయినదాంట్లో మూడింట రెండొంతులు తిరిగొచ్చింది. మీరు ఆపరేషన్‌కు భయపడితే, నెలనెలా ఖర్చు ఏళ్ల తరబడి మోయగలిగితే ఇది మీకు నిజమైన ప్రత్యామ్నాయమే, షుగర్ డాక్టరుతో మాట్లాడండి. తమ్ముడికి ఇప్పుడు అవసరం లేదు.

ఈ నెలలో మీరు చేయాల్సింది: సీబీసీ, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), బీ12, విటమిన్ డి, థైరాయిడ్, లివర్, క్రియాటినిన్, హెచ్‌బీఎ1సీ, పొట్ట అల్ట్రాసౌండ్, ఈసీజీ, టూడీ ఎకో, స్లీప్ స్టడీ, ఎండోస్కోపీ, దాంతోపాటే హెచ్ పైలోరీ (కడుపులో పుండ్లు చేసే బ్యాక్టీరియా) పరీక్ష. హిమోగ్లోబిన్, ఫెరిటిన్ తక్కువుంటే ఆపరేషన్ తేదీకి ముందే సరిచేయించుకోండి, తర్వాత సరిచేయడం చాలా కష్టం. ఎండోస్కోపీ రిపోర్ట్ చేతికొచ్చాక స్లీవా బైపాసా అన్న ప్రశ్న మళ్లీ అడగండి, అప్పుడు ఆ రిపోర్టులోని మాటలు ఉన్నవి ఉన్నట్టు రాయండి.